ముగ్గు పక్కన మొదటి కవరు

నేను విలువలున్న మనిషిని. ఈ మాట నేనే చెప్పుకోవాల్సి రావడం బాధగానే ఉంది గానీ, ఇంకెవరూ చెప్పడం లేదు కాబట్టి తప్పడం లేదు. ఆధారాలు కావాలంటే నా ఫోను చూడండి. రోజూ తెల్లవారుజామున ఐదూ నలభైకల్లా ఆరు వాట్సాప్ గ్రూపుల్లో ‘మార్పు మనతోనే మొదలవ్వాలి’ తరహా సూక్తి ఒకటి, వెనకాల సూర్యోదయం, పక్కన కొబ్బరిచెట్టుతో సహా పెట్టందే పళ్లు కూడా తోముకోను. ఒకరోజు నెట్ పనిచేయక ఎనిమిదింటి దాకా పెట్టలేకపోతే, “గురువుగారూ, ఒంట్లో బాగోలేదా?” అని ఇద్దరు ఫోన్ చేశారు. సమాజం నా మీద ఎంతగా ఆధారపడి బతుకుతోందో దీన్నిబట్టి ఊహించుకోండి.

అలాంటి నన్ను పట్టుకుని మొన్న మా ఆవిడ ఒక మాట అంది. “మీ సంగతి తెలియాలంటే మీ ఫోను చూడక్కర్లేదండీ, చెత్త కవరు ఎక్కడ పెడుతున్నారో చూస్తే చాలు.” ఈ వాదన ఎంత తప్పో నిరూపించడానికే ఈ వ్యాసం.

మాది విజయవాడలో పటమట వైపు. మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ కింద ఒకప్పుడు పెద్ద చెత్తకుండీ ఉండేది. ఇంటింటికీ బండి వస్తుంటే ఇంకా కుండీ దేనికని తీసేశారు. కుండీ పోయింది గానీ దాని మీద జనానికున్న అభిమానం పోలేదు. ఖాళీ నేల మీదే వేస్తూ వచ్చారు. విగ్రహాన్ని తరలించినంత మాత్రాన గుడి గుడి కాకుండా పోతుందా? చివరికి పారిశుద్ధ్య కార్మికులు ఒక ఉపాయం పన్నారు. ఆ చోటంతా ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గేశారు. మధ్యలో పద్మం, చుట్టూ తీగలు, అక్కడక్కడా పసుపూ కుంకుమా. రెండు రోజులు ఒక్క కవరు పడలేదు. చేతిలో కవరుతో జనం వచ్చేవాళ్లు, ముగ్గు చూసేవాళ్లు, కాసేపు తటపటాయించి వెనక్కి పోయేవాళ్లు. తెలుగువాడు చట్టాన్నయితే తొక్కుతాడు గానీ ముగ్గును తొక్కడు.

మూడోరోజు ఏడున్నరకి ముగ్గు పక్కన ఒక కవరు కనిపించింది. ముగ్గు మీద కాదు సుమా, పక్కన. జానెడు ఎడం వదిలి, మూతి ముడి బిగించి, పెళ్లిపందిట్లో చదివింపుల కవరంత ఒద్దికగా ఉంది. పెట్టినవాడెవడో సంప్రదాయం తెలిసినవాడే. పదింటికల్లా దానికి నాలుగు తోడొచ్చాయి. మధ్యాహ్నానికి కొబ్బరి బొండాలు, పగిలిన టైల్స్ ముక్కలు. సాయంత్రానికి పద్మం ఉండాల్సిన చోట ఒక పరుపు. పరుపండీ! ముందుగా ఒక చిన్న కవరు వచ్చి ధైర్యం చెప్పకపోతే, ఒక డబుల్ కాట్ పరుపు మూడో అంతస్తు నుంచి తనంతట తాను దిగి వచ్చేదా?

ఆ మొదటి కవరు నాదే. చెత్త బండి ఏడింటికి పాట పెట్టుకుని మా వీధిలోకి వస్తుంది. ఆ టైముకి నేను సూక్తికి వచ్చిన దండాలకు తిరుగు దండాలు పెడుతూ బిజీగా ఉంటాను. తీరిక దొరికి కిందికి దిగేసరికి బండి పక్క వీధిలో పాడుతుంటుంది. నడిస్తే రెండు నిమిషాలు. నడవబోయాను కూడా. అప్పుడు నా అంతరాత్మ మేలుకుని అడిగింది: “నీ ఒక్కడి వల్ల ఏమవుతుంది?”

పది లక్షల జనాభా 2011 లెక్కల్లోనే దాటిన ఊరు ఇది. అంటే పది లక్షల పైచిలుకు ‘నా ఒక్కడు’లు అన్నమాట. ఎవరికి వారే ఒక్కడు. ఇంతమంది ఒంటరివాళ్లను ఒకే ఊళ్లో పెట్టుకున్న కార్పొరేషన్‌ని చూస్తే జాలేస్తుంది.

2021 గాంధీ జయంతి నాడు బెంజ్ సర్కిల్లో చెత్త బళ్లకు జెండా ఊపి పంపించారు. ఇంటికి మూడేసి డబ్బాలు ఇచ్చారు. తడి చెత్తకు ఆకుపచ్చది, పొడి చెత్తకు నీలంది, ప్రమాదకరమైన వాటికి ఎర్రది. మా ఇంట్లో ఆకుపచ్చదాన్లో బియ్యం పోశాం, నీలందాన్లో ఉల్లిపాయలు. ఎర్రది కార్లు కడగడానికి వాచ్‌మన్‌కి ఇచ్చేశాం. చెత్త మాత్రం ఎప్పటిలాగే తడీ పొడీ తేడా లేకుండా ఒకే కవర్లో కలిసిమెలిసి ఉంటోంది. సమైక్యత అంటే నాకు ప్రాణం. ఆ మధ్య చెత్త పన్ను వేసినప్పుడు టీ కొట్టు దగ్గర నిలబడి గంటన్నర ఆవేశపడ్డాను. 2024 చివర్లో ప్రభుత్వం పన్ను తీసేసింది. నేను మాత్రం చెత్త తియ్యలేదు.

ఇంకో సంగతి. 2021 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్, సూరత్‌ల తర్వాత మూడో స్థానం విజయవాడదే. ఆరోజు “మనకి మూడో ర్యాంకొచ్చింది” అని ఆరు గ్రూపుల్లోనూ పెట్టాను. వీధి చివర కుప్ప చూసినప్పుడు మాత్రం “వీళ్లు సరిగ్గా ఊడవట్లేదు” అంటాను. ర్యాంకు దగ్గర ‘మనం’, చీపురు దగ్గర ‘వీళ్లు’. ఇందులో తప్పేముందో నాకు అర్థం కాదు. సర్వనామాలు ఉన్నదే అందుకు కదా.

చెత్త సంగతి అటుంచి పుణ్యం దగ్గరికి వద్దాం. మన ఊరి మధ్యలోంచి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ పారుతున్నాయి. 1855లో పాత ఆనకట్ట కట్టినప్పటి నుంచీ, 1957లో దాని చోట ప్రకాశం బ్యారేజీ వచ్చాక కూడా, కృష్ణా తూర్పు డెల్టాలో వరి పండేది వీటి నీళ్లతోనే. వంతెనల మీంచి జనం చెత్త విసురుతున్నారని మనిషి ఎత్తుకు మించి ఇనుప జాలీలు కట్టారు. ఆ జాలీ దగ్గర మొన్న ఒకాయన్ని చూశాను. స్కూటరు ఆపాడు. చెప్పులు విడిచాడు. చామంతులు, అగరుబత్తి పుల్లలు, కొబ్బరి చిప్ప నింపిన పాలిథిన్ కవరును కళ్లకద్దుకున్నాడు. రెండడుగులు వెనక్కేసి, జాలీ ఎత్తును కంటితో కొలిచి, విసిరాడు. కవరు జాలీ కొసకు తగులుకుని ఆగిపోయింది. ఆయన కిందే నిలబడి కాసేపు చూశాడు. అది దిగలేదు. ఒక్కో రేకూ ఆయన నెత్తిమీదే రాలుతోంది. దేవుడు అక్కడికక్కడే అక్షింతలు వేసినట్టుంది. చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

నేను మాత్రం అలా కాదు. జాలీలో ఒక మూల ఎవరో పుణ్యాత్ములు చేసిపెట్టిన కంత నాకు తెలుసు. పండక్కి నేను నిర్మాల్యం తీసుకుని బయల్దేరుతుంటే మా ఆవిడ అడ్డుపడింది. “ఏమండీ, మా అమ్మావాళ్ల ఊరి చెరువు నింపుకునేది ఆ బందరు కాలువ నీళ్లతోనే. వేసవంతా వాళ్లు తాగేది అవే. మీరిక్కడ వేస్తే అక్కడికి పోదా?” అంది. అత్తారింటికి ప్రతి పండక్కీ ఏదో ఒకటి పంపించే అల్లుణ్ని ఈరోజుల్లో ఎంతమందిని చూస్తాం చెప్పండి? ఆ కోణం ఆమెకు తట్టలేదు.

ట్రాఫిక్ గురించి ఎక్కువ రాయను, అందరూ రాసేదే. ఒక్కటి చెప్పి ఊరుకుంటాను. రోహిణి కార్తెలో మా వాళ్లు సిగ్నల్ గీత దగ్గర ఆగరు, దానికి ముప్ఫై గజాల వెనక చెట్టు నీడలో ఆగుతారు. గీత గీసిన ప్రభుత్వం మాట వినని మనిషి, నీడనిచ్చిన వేపచెట్టు మాట వింటున్నాడు. నేనూ అంతే. హెల్మెట్‌కి మాత్రం 2019లో కేంద్రం చట్టం మార్చి జరిమానా వెయ్యి రూపాయలు చేసిన దగ్గర్నుంచీ ఎంతో విలువ ఇస్తున్నాను. మోచేతికి తగిలించి, పోలీసు కనిపించగానే నెత్తిన పెట్టుకుంటున్నాను.

అలా బెంజ్ సర్కిల్లో నీడకి ఆగినప్పుడల్లా నాకు గోరా గుర్తొస్తారు. గోపరాజు రామచంద్రరావు. ఆయన పెట్టిన నాస్తిక కేంద్రం ఆ చుట్టుపక్కలే ఉంది. 1940లో ముదునూరులో మొదలై, 1947లో విజయవాడకు వచ్చింది. దేవుడి విషయంలో ఆయనతో ఏకీభవించేవాళ్లు ఏకీభవించవచ్చు, లేనివాళ్లు లేదు. నేను చెప్పేది అది కాదు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో పుట్టిన కొడుక్కి లవణం అని, యుద్ధం మొదలైన 1939లో పుట్టినవాడికి సమరం అని పేర్లు పెట్టుకున్నారు. అన్ని కులాలవాళ్లనూ ఒకే వరసలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టించారు. సూక్తి పెట్టకుండా ఏకంగా అన్నం పెట్టడం నాకు కాస్త అతిగా అనిపిస్తుంది. ప్రతి మనిషీ తను నమ్మింది తన వంటింట్లోనే చేసి చూపిస్తానంటే మాలాంటి వ్యాసకర్తల గతేం కాను?

వంటింటి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మా వాచ్‌మన్‌కి మా ఇంట్లో రోజూ టీ ఇస్తాం. అతనికి ఒక స్టీలు గ్లాసుంది. ఒక పక్క సొట్ట. గుమ్మం బయట చెప్పుల స్టాండు పై అరలో బోర్లించి ఉంటుంది. టీ తాగాక అతనే కింద కుళాయి దగ్గర కడుక్కొచ్చి మళ్లీ అక్కడే బోర్లిస్తాడు. అలా చెయ్యమని మేమెవరం ఎప్పుడూ చెప్పలేదు. కులం గిలం అనే మాట మా ఇంట్లో వినపడదు. 2024లో స్వరాజ్ మైదానంలో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం తెరిచినప్పుడు కుటుంబంతో సహా వెళ్లి సెల్ఫీ దిగాం. తిరిగొచ్చాక అలసటగా ఉందని అందరం టీ పెట్టుకుని తాగాం. అతనికీ ఇచ్చాం. అదే గ్లాసులో.

అదే ఏడాది సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు అతను తన చుట్టాలను వెతుక్కుంటూ వెళ్లాడు. రెండు రోజులు రాలేదు. వచ్చాక తెలిసింది, చుట్టాలు మొదటి పూటే దొరికారట. మిగతా టైమంతా నడుంలోతు నీళ్లలో పాల ప్యాకెట్లు మోశాడట. ఎవరికి అని అడిగితే పేర్లు తెలియవన్నాడు. ఆ రెండు రోజులూ నేనూ ఊరుకోలేదు. ‘ధైర్యంగా ఉండండి, ఈ చీకటి తొలగిపోతుంది’ అని ఆరు గ్రూపుల్లోనూ పెట్టాను. సింగ్‌నగర్లో ఉన్నవాళ్లకి కరెంటు లేక ఫోన్లు ఆరిపోయాయి గానీ, మిగతావాళ్లందరూ దండాలు పెట్టారు. ఆ రెండు రోజులూ గేటు దగ్గర మనిషి లేడని అసోసియేషన్ మీటింగులో ఫిర్యాదు చేసింది కూడా నేనే. క్రమశిక్షణ అన్నాక ఎవరికైనా ఒకటే.

ఇక పరుపు విషయానికొస్తాను. ముగ్గు మీద పరుపు చూడగానే నాకు కడుపు మండింది. నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాను. ‘అంత చక్కగా ముగ్గేసిన చోట ఇలా తెచ్చి పడేయడానికి చేతులెలా వచ్చాయి? కనీస సంస్కారం లేదా? ఎవరికి వారు మారితేనే ఊరు మారుతుంది’ అని రాశాను. దండాలు మొదలయ్యాయి. ఒకాయన ‘బాగా చెప్పారు సార్’ అన్నాడు. ఐదు నిమిషాలకి రెండో అంతస్తులో ఇంజినీరింగ్ చదివే కుర్రాడు అదే ఫొటోని పెద్దది చేసి తిరిగి పెట్టాడు. కుప్ప అడుగున, ముగ్గు గీత పక్కన, ఒక కవరు. అందులోంచి పొడుచుకొచ్చిన ఆన్‌లైన్ పార్శిల్ అట్టపెట్టె. దాని మీద అంటించిన చీటీ. ‘అంకుల్, ఫ్లాట్ నంబర్ 302 అని కనిపిస్తోంది. మీదే కదా?’ అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు పాపం, చివర దండం బొమ్మ కూడా పెట్టాడు.

నా ఫొటోలు గబగబా డిలీట్ చేశాను. అప్పటికే పద్దెనిమిది మంది చూసేశారు. కుర్రాడు పెట్టింది నేను డిలీట్ చేయలేనట, అడ్మిన్‌ని అడగాలట. అడ్మిన్ ఎవరయ్యా అంటే పరుపుగలాయన.

మర్నాడు పొద్దున్నే మళ్లీ ముగ్గు పడింది. ఈసారి పద్మం ఇంకాస్త పెద్దది. ఏడున్నరకి నేను కవరు పట్టుకుని దిగాను. బండి పక్క వీధిలో పాడుతోంది. మెట్ల మీదే కూర్చుని, అట్టపెట్టె బయటికి తీసి, చీటీ ఊడబీకి, ఎనిమిది ముక్కలు చేసి, కవర్లో మిగిలిన సాంబారులో బాగా కలిపాను. అదంతా అయ్యేసరికి పావుగంట పట్టింది. మా ఆవిడ పైనుంచి చూస్తూనే ఉంది, ఏమీ అనలేదు. నేను ముగ్గుకు జానెడు ఎడం వదిలి కవరు పెట్టి వచ్చాను.