మనిషి వంద వాట్ల బల్బు కాదు

"మనిషంటే వంద వాట్ల బల్బు. గదిలో ఎంతమంది ఉంటే అన్ని వందల వాట్లు గాలికి ఇచ్చేయండి, సిమ్యులేషన్ సరిపోతుంది." విశాఖలో మన ఇంజినీరింగ్ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మాట తెగ తిరుగుతోంది. సిమ్యులేషన్ అంటే గదిలో గాలి, వేడి ఎలా కదులుతాయో కంప్యూటర్ మోడల్‌తో లెక్కగట్టడం. ప్రాజెక్టులకి దీన్నే నమ్ముకుంటున్నారు కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

అంకె తప్పు కాదు. కదలకుండా కూర్చున్న మనిషి ఒంటి నుంచి చదరపు మీటరుకు సుమారు 58 వాట్లు వస్తాయి. ఒంటి వైశాల్యం 1.8 చదరపు మీటర్లు అనుకుంటే దాదాపు 105 వాట్లు. తప్పంతా "గాలికి ఇచ్చేయండి" అన్న దగ్గరే ఉంది.

24 డిగ్రీల ఏసీ గదిలో అందులో సుమారు 70 వాట్లే గాలినీ గోడల్నీ వేడెక్కిస్తాయి. మిగతా 35 చెమట, ఊపిరి ఆవిరిగా పోతాయి. ద్వారకానగర్‌లో 60 మంది కూర్చునే కోచింగ్ క్లాసు తీసుకోండి. ఆ ఆవిరి గంటకు మూడు లీటర్ల నీళ్లు! దాన్ని మోడల్‌కి తేమగా ఇవ్వాలి, వేడిగా కాదు. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో తేమని వదిలేస్తే ఇక ఆ లెక్క దేనికి?

ఏసీ లేని గదిలో మే నెల మధ్యాహ్నమైతే మరీ ఘోరం. గాలి, గోడలు 34, 35 డిగ్రీలకు చేరితే చర్మానికీ వాటికీ తేడా ఉండదు. ఒంటి వేడి దాదాపు అంతా చెమట ఆరితేనే పోవాలి. మోడల్ మాత్రం ఒక్కొక్కరి నుంచి వంద వాట్లూ గాలిలోకి పంపుతూనే ఉంటుంది. అలాంటి ఫలితం చూసి కిటికీ ఎక్కడ పెట్టాలో తేల్చేసిన ప్రాజెక్టు ఒకటి ఈమధ్యే నా చేతికొచ్చింది. బాధేసింది.

ఇక రేడియేషన్. గాలి నెమ్మదిగా ఉంటే ఆ 70 వాట్లలో సగం దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, గాలితో పనిలేకుండా నేరుగా గోడలకు పోతుంది. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని లెక్కించే రేడియేషన్ మోడల్ ఆన్ చేయకపోతే ఆ వాటా గాలికి ఇవ్వకూడదు. ఫ్యాన్ జోరుగా తిరిగితే వాటా తగ్గుతుంది.

"వేడిని గదంతా సమానంగా పంచినా ఒకటే" అని దీనికో తోక కూడా ఉంది. ఒకటి కాదు. ఒంటి వెచ్చదనానికి గాలి ఒంటిని అంటుకుని పైకి లేస్తుంది, కూర్చున్న మనిషి తల మీద సెకనుకు 20 సెంటీమీటర్ల దాకా. నేల దగ్గర చల్లగాలిని మెల్లగా వదిలే హాళ్లలో గాలిని పైకి నడిపించేదే అది. సమానంగా పంచారంటే అది మాయమైపోతుంది.

మోడల్‌లో "మనిషి ఆకారం అక్కర్లేదు" అని కూడా అంటున్నారు, దాన్ని మాత్రం కొంతవరకు ఒప్పుకుంటాను. గది మొత్తం గురించైతే అంతే వైశాల్యమున్న పెట్టె చాలు. ఎవరి ఊపిరి ఎవరి ముక్కు దాకా వెళ్తోందో చూడాలంటే తల, భుజాలు గీయాల్సిందే. ఏసీ ఎన్ని టన్నులు కావాలో మొదటి అంచనా వేయడానికైతే వంద వాట్లూ వాడుకోండి. ఆ మూడు లీటర్ల నీళ్లూ తీయాల్సింది ఏసీయే కదా.