గుండుకు లాగిన్ లేదు

మొన్న శనివారం రాత్రి మాదాపూర్‌లో, దుర్గం చెరువు మెట్రో స్టేషన్ దగ్గర, పక్కవాడి జుట్టు నుదుటి మీద వేసుకుని, హెల్మెట్ స్పాంజీలు రెండు దవడలకు అదుముకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. అతన్ని ఎవరైనా వీడియో తీసి ఉంటే దయచేసి ఇంకెవరికీ పంపకండి. అది నేనే. తాగి లేను. డ్యూటీలో ఉన్నాను. అంటే, డ్యూటీలోకి రానివ్వమని ఫోన్‌ను బతిమాలుకుంటున్నాను.

ముందు సంగతి గబగబా చెప్పేస్తాను. పగలు ఒక సూపర్ మార్కెట్‌లో బిల్లింగ్ కౌంటర్. జీతం 14 వేలు, కోతలు పోను చేతికి వచ్చేది 12 వేల చిల్లర. బోరబండ రూము అద్దెలో నా వాటా, బండి ఈఎంఐ, ఊళ్లో అమ్మ కట్టే చీటీ, కిరాణా ఖాతా అన్నీ 10వ తేదీలోపే వచ్చి పడతాయి. ఆ తర్వాత ఇంకా 20 రోజులు ఎందుకు పెట్టారో తెలియదు. షిఫ్టు ఎప్పుడన్నది ముందురోజు రాత్రి మేనేజరు వాట్సాప్ గ్రూపులో రోస్టర్ ఫోటో పెడితే గానీ తెలియదు. ఆ ఫోటో కూడా అడ్డంగా ఉంటుంది. మెడ వంచి చదువుకుంటే ఒకరోజు పొద్దున, ఒకరోజు సాయంత్రం, పండగొస్తే రెండూ.

మిగిలిన టైములో ఫుడ్ డెలివరీ. 'మీకు నచ్చిన టైములో పని చేసుకోవచ్చు' అన్నారు చేరేటప్పుడు. నిజమే, నాకు నచ్చిన టైములో ఆర్డర్లు ఉండవు. రాత్రి 7 నుంచి 11 దాకా తెగకుండా లాగిన్‌లో ఉండి టార్గెట్ కొడితేనే ఇన్సెంటివ్. అది వస్తే ఖర్చులు పోను నాలుగు రాళ్లు మిగులుతాయి. రాకపోతే, సొంత డబ్బుతో పెట్రోలు పోసి ఊళ్లోవాళ్లందరికీ బిర్యానీలు పంచిన పుణ్యం మిగులుతుంది.

ఇక గుండు సంగతి. 2023 జులై 1న గ్రూప్-4 పరీక్ష రాశాను. 8 వేల పైచిలుకు పోస్టులు, అందులో ఒక్కటీ నాది కాలేదు. పరీక్షకు ముందే మా అమ్మ, నాతో మాట మాత్రమైనా అనకుండా, నా తలను యాదగిరిగుట్ట నరసింహస్వామికి రాసిచ్చేసింది. కొడుక్కి ఉద్యోగం వస్తే తలనీలాలు. రాలేదు కాబట్టి స్వామికీ నాకూ లెక్క తేలిపోయిందనుకున్నాను. అమ్మ లెక్క వేరు. 'ఒక్క కొలువు అడిగితే స్వామి రెండిచ్చిండు. ఇంకా బాకీ పెట్టుకుంటవా బిడ్డా?' అంది. దీనికి ఏ పరీక్షలోనూ నేను చదువుకున్న జవాబు లేదు.

శుక్రవారం షిఫ్టు లేదు. ఉప్పల్‌లో బస్సెక్కాను. కొండ కింద కల్యాణకట్ట, పైన దర్శనం, పులిహోర, తిరుగు బస్సు. అన్నీ బాగానే జరిగాయి కాబట్టి చెప్పుకోవడానికేమీ లేదు.

శనివారం కౌంటర్‌లో పని దిగి, సరిగ్గా 7 గంటలకు బిర్యానీ హోటల్ ముందు బండి ఆపి యాప్ తెరిచాను. 'సెల్ఫీ వెరిఫికేషన్' అని వచ్చింది. అప్పుడప్పుడూ అడుగుతుంది. నా ఐడీతో మా బావమరిది బండి నడుపుతున్నాడేమోనని దాని అనుమానం. నాకింకా పెళ్లే కాలేదు, బావమరిది ఎక్కడి నుంచి వస్తాడు? సరే, హెల్మెట్ తీశాను. తెర మీద ఒక గుండ్రటి గీత, అందులో ముఖం పెట్టమంది. పెట్టాను. కళ్లు ఆర్పమంది. ఆర్పాను. తల కుడివైపు తిప్పమంది. తిప్పాను. 'మీ ముఖం మా రికార్డుతో సరిపోలడం లేదు' అంది.

ఆ రికార్డులో ఉన్న ఫోటో గురించి చెప్పాలి. అది చేరినప్పటి ఫోటో. చెవులు కనబడనంత జుట్టు, చొక్కా పైగుండీ కనబడనంత గడ్డం. గ్రూప్-4 కోసం చదివే రోజుల్లో సెలూన్ డబ్బులు మిగిలించుకుంటూ పెంచిన ఆస్తి అది. ఇప్పుడేమో తల, మీసం, గడ్డం మొత్తం స్వామివారి పద్దులో జమ. పైగా కొత్త గుండు. వీధిదీపం నా తల మీద పడి తిరిగి కెమెరాలోకే కొడుతోంది. ఆ గుండ్రటి గీతలో ముఖం కనబడటం లేదు, వెలుగు కనబడుతోంది.

నీడలోకి జరిగాను. 'వెలుతురు చాలదు' అంది. వెలుతురులోకి వచ్చాను. 'సరిపోలడం లేదు' అంది. టోపీ పెట్టుకున్నాను. 'తలపై ఉన్నది తీసివేయండి' అంది. తీయడానికి ఏం మిగిలిందని?

ఈలోగా ఆర్డర్ల కోసం ఎదురుచూస్తున్న మావాళ్లంతా చుట్టూ చేరారు. హోటల్ వాడు పార్సిల్ ఆలస్యం చేసినప్పుడల్లా డెలివరీవాళ్లు వైద్యులవుతారు, లాయర్లవుతారు, అన్నీ అవుతారు. కర్నూలు నుంచి వచ్చిన పెద్దన్న ఒకాయన నా తలను అటూ ఇటూ తిప్పి చూసి, 'కనుబొమలు ఉన్నాయి కదప్పా, అవి చాలాలే' అన్నాడు. ఇంకొకడు యాప్ తీసేసి మళ్లీ వేసుకోమన్నాడు. వాడికి కడుపునొప్పి అని చెప్పినా అదే మందు చెబుతాడు. మూడోవాడు మా బోరబండ కుర్రాడే, రింగుల జుట్టు. పెద్దన్న చూపు ఆ జుట్టు మీద పడింది. అక్కడ మొదలైంది నా పతనం.

పథకం ఏమిటంటే, కుర్రాడు నా వెనక నిలబడి, మెడ ముందుకు వంచి, తన జుట్టు నా నుదుటి మీద పడేటట్టు చూడాలి. గడ్డానికి నా హెల్మెట్ లోపలి నల్ల స్పాంజీలు. అవి లాగితే ఊడి వస్తాయి, ఎండకూ చెమటకూ వాటి రంగు నా పాత గడ్డం రంగులోకి ఎప్పుడో వచ్చేసింది. వాసన సంగతి అడగకండి, కెమెరాకు వాసన తెలియదు గదా అని సరిపెట్టుకున్నాను. స్పాంజీలు రెండూ నేను పట్టుకుంటే ఫోన్ ఎవరు పట్టుకోవాలి? పెద్దన్న పట్టుకున్నాడు. మొదట 'ఫ్రేములో ఒక్కరే ఉండాలి' అని వచ్చింది. కుర్రాడి ముఖానికి డెలివరీ బ్యాగు మూత అడ్డం పెట్టారు. ఇప్పుడు తెరలో ఒక్కరే. ఆ ఒక్కరూ ఎవరన్నది మాత్రం నాక్కూడా అర్థం కాలేదు. ఊళ్లో యక్షగానంలో వేషాలు వేసేవాళ్లు కూడా ముందు అద్దంలో చూసుకుంటారు.

హోటల్‌లోకి పోయే జనం ఆగి చూస్తున్నారు. సెక్యూరిటీ ఆయన, 'ఇక్కడ షూటింగులు చేయొద్దు' అన్నాడు. ఒక చిన్నపిల్ల వాళ్ల నాన్న చెయ్యి లాగి, 'అంకుల్‌కి ఏమైంది నాన్నా?' అని అడిగింది. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, 'బాగా చదువుకోవాలమ్మా' అన్నాడు. గ్రూప్-4 సిలబస్ మొత్తం అప్పజెబుదామనిపించింది. దవడలు కదిపితే స్పాంజీ జారిపోతుందని ఊరుకున్నాను.

అందరూ ఊపిరి బిగబట్టారు. కళ్లు ఆర్పాను. తల కుడివైపు తిప్పాను, వెనక కుర్రాడు కూడా నాతోపాటే తిరిగాడు. ఆకుపచ్చ గీత ముప్పావు వంతు దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. అమ్మ, వీడియో కాల్. పెద్దన్న వేలు వణికి, కట్ చేయబోయి ఎత్తేశాడు.

అమ్మ ఒక్కతే లేదు. వాకిట్లో వాడకట్టు ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టింది, కొడుకు గుండు చూపించడానికి. అందరూ ఫోన్‌లోకి తొంగిచూశారు. అందులో రింగుల జుట్టుతో, నల్లటి గడ్డంతో నేను. అటువైపు ఒక్క నిమిషం చప్పుడు లేదు. తర్వాత అమ్మ గొంతు స్పీకర్‌లో హోటలంతా వినబడింది.

'జుట్టెక్కడిది రా?'

యాప్ ఎంతకూ నమ్మని జుట్టును మా అమ్మ ఒక్క చూపులో నమ్మేసింది.

'గుట్టకు పోయినా అని నాకు అబద్ధం చెప్తవా? స్వామితోటి ఆటలా? బస్సు కిరాయి ఏం జేసినవ్?' అంది. నేను స్పాంజీలు వదిలేశాను. అమ్మ కళ్లముందే కొడుకు గడ్డం రెండు ముక్కలై కింద పడింది. పక్కింటి అత్త 'అయ్యో' అని గట్టిగా అరిచింది. కుర్రాడు భయపడి వెనక్కి జరిగాడు, జుట్టు కూడా వాడితోపాటే వెళ్లిపోయింది. మెరిసే గుండు ఒక్కటే మిగిలింది. అమ్మ చేతులెత్తి దండం పెట్టింది. నాకో, గుండుకో, స్వామికో తెలియదు. అత్త ఇప్పటికీ నా గురించి అడిగేటప్పుడు గొంతు తగ్గించి అడుగుతోందట.

కాల్ అయ్యేసరికి యాప్ మూసుకుపోయింది. 'మీ ఐడీ తాత్కాలికంగా నిలిపివేయబడింది. సమీక్షలో ఉంది.' హెల్ప్ చాట్‌లో గుండు సంగతి రాశాను. 'మీ ఇబ్బందికి చింతిస్తున్నాము. దయచేసి పాత ఫోటోను పోలిన కొత్త ఫోటో అప్‌లోడ్ చేయండి' అని వచ్చింది. గుడిలో తలనీలాలు ఇచ్చానని మళ్లీ రాశాను. 'మీ ఇబ్బందికి చింతిస్తున్నాము' అని మళ్లీ వచ్చింది. అవతల మనిషి లేడని అప్పటికి తెలిసింది. నేను మనిషినని రుజువు చేసుకోమని అడుగుతున్నది కూడా మనిషి కాదు.

2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రత కోడ్ అనే కార్మిక చట్టం అమల్లోకి వచ్చింది. అందులో మా పనికి నిర్వచనం ఉంది, కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం మా సంక్షేమానికి కట్టాలని ఉంది. అసంఘటిత కార్మికులకు కేంద్రం ఇచ్చే ఇ-శ్రమ్ కార్డు ఉంది, ఆధార్ ఉంది. భారత ప్రభుత్వానికి నేనెవరో తెలుసు. దుర్గం చెరువు దగ్గర బిర్యానీ ఇవ్వడానికే నేనెవరో తెలియదు. అదే కంపెనీకి కస్టమర్ల యాప్ ఒకటుంది కదా. ఆ రాత్రి ఆకలేసి అది తెరిచాను. కళ్లు ఆర్పమనలేదు, తల తిప్పమనలేదు. 'నమస్తే' అని పేరుపెట్టి పిలిచి మరీ కూపన్ ఇచ్చింది. కనీసం 199 రూపాయల ఆర్డర్ ఉంటేనే పనికొస్తుందట. మూసేసి రూముకు వచ్చి ఉప్మా వండుకున్నాను.

మా టీమ్ లీడర్ అనే ఆయన్ని నేను ఇంతవరకు చూడలేదు. వాట్సాప్‌లో నీలం టిక్కులు మాత్రం పడుతుంటాయి. ఆయనకు పాత ఫోటో, కొత్త ఫోటో, దర్శనం టికెట్టు, లడ్డూ రసీదు అన్నీ పంపాను. టిక్కులు నీలంగా మారాయి, జవాబు లేదు. ఆదివారం పోయింది. సోమవారం రాత్రి నేను ఉప్మా గిన్నె తోముతుంటే ఆయన నుంచే ఫోన్. సబ్బు చేతులతోనే ఎత్తాను.

'అన్నా, గుట్టకు పోయొచ్చినవ్ కదా. మా చిన్నోనికి పుట్టెంటికలు తీపియ్యాలె. ఆదివారం రష్ ఎట్లుంటది? కల్యాణకట్ట కిందనే ఉందా, పైకి పోవాల్నా?'

అన్నీ చెప్పాను. బస్సు ఎక్కడ ఎక్కాలో, పిల్లవాడికి టోపీ తీసుకెళ్లమనీ కూడా చెప్పాను. ఆయన సంతోషించాడు.

'మరి నా ఐడీ అన్నా?' అన్నాను.

'టికెట్ రేజ్ చేసిన కదన్నా' అని పెట్టేశాడు.