టూత్ బ్రష్ రోబోకి మా పిన్ని గురువు

ముందే చెప్పేస్తున్నా, నేను రోబోలకి వ్యతిరేకిని కాను. మూడేళ్ళ పిల్లలకి రోబోలు పరిచయం చెయ్యాలి, అంతకంటే ముందు వాళ్ళ టీచర్లకి రోబోలు తయారుచెయ్యడం నేర్పాలి అని ఎవరన్నా అంటే లేచి చప్పట్లు కొట్టే మొదటి మనిషిని నేనే. అంగన్‌వాడీ సెంటర్ పైకప్పు కారుతోంది కదా అంటారేమో, కారనివ్వండి, రోబోకి వానంటే భయమా ఏమన్నా.

మా పిన్ని అంగన్‌వాడీ టీచర్. ఊరి పేరు అడక్కండి, ఆవిడ ఉద్యోగం ఉండాలి. పోయిన నెల రోబో ట్రైనింగ్ అని పిలిచారు. పైన ఎవరికో మూడ్రోజులు చెప్పారట, వాళ్ళు జిల్లాలో ఒక రోజు చెప్పారట, అది మండలానికి దిగేసరికి సంతకాలు, గ్రూప్ ఫోటో, పులిహోర పోగా ముప్పావు గంట మిగిలింది. మజ్జిగలో నీళ్ళు పోసుకుంటూ పోవడమే మన పద్ధతి, ఎండాకాలం ఆ మాత్రం చల్లదనమన్నా దక్కుతుంది.

ఆ ముప్పావు గంటలో నేర్పింది టూత్ బ్రష్ రోబో. బ్రష్ తల కోసేసి, దాని మీద పాత సెల్‌ఫోన్లో ఉండే వైబ్రేషన్ మోటార్ని టేపుతో అంటించి, ఒక బిళ్ళ బ్యాటరీకి తీగలు తగిలిస్తే చాలు, జుయ్‌మని పరిగెడుతుంది. ఆ మోటార్ ఇరుసుకి బరువు ఒకవైపే ఉంటుంది కాబట్టి తిరిగినప్పుడల్లా అదురుతుంది, ఆ అదురుకి వంగిన బ్రష్ వెంట్రుకలు నేలని వెనక్కి తన్నుతూ ముందుకి పోతాయి. నిజంగా ముచ్చటైన సంగతి, పిన్ని కూడా చిన్నపిల్లలా నవ్వింది. కాకపోతే అది ఎటు పోతుందో దానికి తెలీదు, చేసినవాళ్ళకీ తెలీదు, ఆపాలంటే పరిగెత్తి పట్టుకోవాల్సిందే. ప్రభుత్వ పథకం పనితీరు పిల్లలకి అర్థమయ్యేలా చెప్పడానికి ఇంతకంటే మంచి బోధనోపకరణం నేనైతే చూళ్ళేదు.

బ్యాటరీ సంగతి మాత్రం కాసేపు నవ్వు ఆపి చెప్పాలి. ఆ సీఆర్ 2032 బిళ్ళ చూడ్డానికి అచ్చం పిప్పరమెంటు బిళ్ళే. మూడేళ్ళ పిల్లల చేతికి ఏం దొరికినా ముందు నోట్లోకే పోతుంది, అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలి పుండు పడిపోవచ్చు. ట్రైనింగ్‌లో ఈ మాట ఎవరూ అనలేదట. పిన్నే చెయ్యెత్తి "సార్, మింగితేనో?" అని అడిగితే, "మేడమ్, డౌట్స్ అన్నీ లాస్ట్‌లో" అన్నారట. లాస్ట్‌లో పులిహోర పెట్టారు.

అసలు ఈ ఆలోచన మొదలుపెట్టినవాళ్ళు తక్కువవాళ్ళేం కాదు. 1967లో అమెరికాలో సీమోర్ పాపర్ట్, ఇంకొందరు కలిసి లోగో అని పిల్లల కోసం ఒక కంప్యూటర్ భాష చేశారు, తర్వాత దాంతోనే నేలమీద పాకే తాబేలు రోబోని నడిపించారు. ఆయన గొడవంతా ఒకటే, పిల్లాడు మిషన్‌కి చెప్పాలి గానీ మిషన్ పిల్లాడికి చెప్పకూడదని. ఇప్పుడు బీబాట్ అని తేనెటీగ బొమ్మ ఉంది, ముందుకి బటన్ నొక్కి గో కొడితే 15 సెంటీమీటర్లు పోయి ఆగుద్ది, అదీ ఆ తాబేలు మనవరాలే.

మా పిన్ని దగ్గర మిషనే ఆవిడకి చెప్తుంది. అంగన్‌వాడీ లెక్కలు ఎక్కించే సర్కారు యాప్ పోషణ్ ట్రాకర్ తెరవమంటే పిన్ని తెరుస్తుంది, పిల్లల బరువు కొట్టమంటే కొడుతుంది, 2025 జులై నుంచి రేషన్ ఇవ్వాలంటే తల్లి మొహం ఫోన్ గుర్తుపట్టాలి కాబట్టి "కళ్ళు ఆర్పమ్మా, ఇంకోసారి ఆర్పు, ఎండలోకి రా" అంటూ బాలింతని వాకిట్లో అటూ ఇటూ తిప్పుతుంది. కోడలి వరస అయ్యే పిల్లని పుట్టినప్పట్నుంచీ చూస్తున్నా సరే, ఆవిడ గుర్తుపడితే చెల్లదు. ఇంకో తమాషా, రోజూ వీళ్ళు గౌరవ వేతనం తీసుకునే సేవకులు, ఉద్యోగులు కారు. 2023 డిసెంబర్లో ఆంధ్రాలో జీతం పెంచమని సమ్మెకి దిగి 42 రోజులు కూర్చుంటే మాత్రం మధ్యలో అత్యవసర సర్వీసు అయిపోయారు, సమ్మె చెయ్యకూడదనే ఎస్మా చట్టం పెట్టారు. పరిస్థితిని బట్టి మోడ్ మార్చుకునే ఇంత అధునాతన రోబో బీబాట్ వాళ్ళ దగ్గర కూడా ఉండదు.

సరే, ట్రైనింగ్ అయ్యాక ఆచరణలో పెట్టి ఫోటో పంపమన్నారు. టూత్ బ్రష్ రోబో మొదటి రోజే బియ్యం బస్తాల కిందకి దూరి మళ్ళీ కనపళ్ళేదు. పిన్ని నేలమీద సుద్దతో గళ్ళు గీసి ఆయమ్మని మధ్యలో నిలబెట్టి "ఇదుగో రోబో, మీరేం చెప్తే అదే చేస్తుంది" అంది. "రెండడుగులు ముందుకి! కుడికి తిరుగు! ఇంకో అడుగు!" అని పిల్లలు ఒకటే అరుపు, కుడెడమలు తెలీని పిల్లలకి ఒక్క పొద్దులో తెలిసిపోయాయి, ఆపు అనడం మర్చిపోయేసరికి ఆయమ్మ నిజాయితీగా పోయి పప్పు గిన్నెని గుద్దుకుంది.

పిన్ని ఆ ఫోటోనే గ్రూపులో పెట్టింది. వెంటనే సూపర్‌వైజర్ గారి నుంచి మెసేజ్, "రోబో ఏదమ్మా, కనపడట్లేదు?"

"మధ్యలో నీలం చీర కట్టుకున్నది మేడమ్" అని కొట్టింది పిన్ని.

అవతల్నుంచి బొటనవేలు ఎత్తిన బొమ్మ వచ్చింది. రిజిస్టర్లో రోబోలు ఒకటి, పనిచేయుచున్నది అని రాసుకున్నారు.