మామ్మగారికి మా లిల్లీ దుంపలు

స్పైడర్ లిల్లీతో వచ్చిన చిక్కేమిటంటే, అది చావదు. నీళ్ళు పోసినా బతుకుతుంది, పోయకపోయినా బతుకుతుంది. విజయవాడ మే నెల ఎండకి మనుషులే సొమ్మసిల్లుతుంటే, అది మాత్రం ఆకు వాడకుండా కులాసాగా నిలబడుతుంది. కడియపులంక నర్సరీ నుంచి మావారు తెచ్చింది గుప్పెడు దుంపలే. అపార్ట్‌మెంట్ కింద, మా వాటా ముందున్న కాస్త మట్టి జాగాలో, మెడ పైకి కనబడేలా పాతారు. దుంప పక్కన పిల్ల దుంప, దాని పక్కన ఇంకో పిల్ల. కొన్నేళ్ళు తిరిగేసరికి తులసికోట చుట్టూ ప్రదక్షిణం చేయడానికి కూడా దారి లేకుండా పోయింది.

పువ్వు అందాన్ని కాదనను. వానాకాలం చీకటి పడే వేళకి విచ్చుకుంటుంది. సన్నటి ఆరు తెల్ల రేకులు, మధ్యలో పల్చటి పొర గిన్నె, గేటు దాకా సువాసన. ఆ పువ్వు మొహం చూసే నేను ఊరుకున్నాను. ఓసారి నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలు, ఎర్ర మచ్చలు ఉన్న గొంగళి పురుగులు దండులా వచ్చి ఆకులన్నీ నమిలేసి పోతే, పీడ విరగడైందని లోలోపల సంతోషించిన మాట కూడా నిజమే. కొన్నాళ్ళకే మళ్ళీ పచ్చగా లేచాయి.

ఇక గుబుర్లు విడదీసి నలుగురికీ పంచాల్సిందే అన్నారు మావారు. అందుకు ఆయన ఎంచుకున్న ముహూర్తం 2019 డిసెంబరు. గుర్తుండే ఉంటుంది, కిలో ఉల్లి వంద దాటిన కాలం. రైతు బజారులో 25 రూపాయలకి కిలో ఇస్తున్నారంటే జనం గంటల తరబడి క్యూలో నిలబడేవాళ్ళు. పెసరట్టు మీద ఉల్లి ముక్కలు లెక్కపెట్టి చల్లుకునేవాళ్ళం. సరిగ్గా అప్పుడే ఈయన దుంపలు తవ్వి, ఆకులు కోసి, వేళ్ళు కత్తిరించి, మట్టి దులిపి, నీడన ఆరబెట్టారు. ఇంట్లో ఖాళీగా పడున్న ఎర్ర వల సంచీలో, అంటే ఉల్లిపాయల సంచీలోనే, పోసి మూతి కట్టారు. మూడో అంతస్తు మామ్మగారి తలుపు గడియకి తగిలించి, "పూజలో ఉన్నట్టున్నారు, పిలవడమెందుకని వచ్చేశా" అన్నారు.

పదకొండింటికి మామ్మగారి ఫోను. "అమ్మాయ్, మీ ఆయన కర్ణుడు తల్లీ! ఈ రోజుల్లో కన్నకొడుకు కూడా ఇవ్వడు."

"ఏం ఇచ్చారు మామ్మగారూ?"

"ఇంకేం, ఉల్లిపాయలు! రెండు కిలోలకి తక్కువుండవు. అదేం రకమో గానీ, తరుగుతుంటే కంట్లో చుక్క నీరు రాలేదు. కర్నూలువా? కాస్త జిగురున్నాయి, కత్తిపీటకి అంటుకుంటున్నాయి. పులుసులో వేస్తే అదే పోతుందిలే."

ఫోను ఎక్కడ పడేశానో తెలీదు, పరిగెత్తాను. లిఫ్టు ఆ రోజు కూడా పనిచేయడం లేదు. మావారు వెనకాలే ఎక్కుతూ, "కంగారు పడకు. ఉల్లీ, లిల్లీ ఒకే కుటుంబం. అమరిల్లిడేసీ" అంటున్నారు.

"తింటే ఏమవుతుందో అది చెప్పండి!"

"లైకోరిన్ అని ఒక విషం ఉంటుంది. వాంతులవుతాయి," అన్నారు తాపీగా, రెయిలింగ్ పట్టుకుని ఊపిరి తీసుకుంటూ.

మేం వెళ్ళేసరికి మూకుట్లో ఆవాలు చిటపటలాడుతున్నాయి. మామ్మగారి చేతిలో పళ్ళెం. అందులో గుండ్రంగా, తెల్లగా తరిగిన లిల్లీ ముక్కలు. ఒక ముక్క జారబోతుంటే దాని వెనకాలే సన్నటి తీగలా సాగుతున్న జిగురు. "వెయ్యకండీ!" అని నేను అరిచిన అరుపుకి పళ్ళెం కింద పడింది, తాతగారు పేపరు వదిలేసి లేచి నిలబడ్డారు, ఎదురు వాటావాళ్ళు తలుపు తీశారు.

సంగతి మొత్తం చెప్పాను. గండం తప్పినందుకు ఆవిడ సంతోషించినట్టు నాకైతే కనబడలేదు. "అయితే ఇవి ఉల్లిపాయలు కావన్నమాట" అని రెండుసార్లు అన్నారు, పొలం దావాలో ఓడిపోయిన మనిషిలా. తాతగారు స్టవ్ కట్టేసి, "రెండు కిలోలు ఊరికే ఎవడిస్తాడే అని పొద్దున్నే అన్నాను" అని మళ్ళీ పేపరు అందుకున్నారు. ఈయనకి ఇదేమీ పట్టలేదు. మిగిలిన దుంపలు కుండీలో ఎలా పెట్టాలో, మెడ ఎంత పైకి ఉంచాలో, నీళ్ళు నిలవకుండా కన్నం ఎందుకుండాలో మొదలుపెట్టారు. మామ్మగారు ముక్కలు ఊడ్చుకుంటూ ఆయన కాళ్ళ దాకా వచ్చి ఆగి, "కాస్త జరుగు నాయనా" అన్నారు.

కిందికొచ్చాక నా మనసు ఊరుకోలేదు. బుట్టలో ఉన్న ఉల్లిపాయల్లో సగం, గుండె రాయి చేసుకుని, స్టీలు గిన్నెలో పోసి పైకి తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ ఒకటి తీసి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా లోపలికి పట్టుకెళ్ళారు. నేను మెట్లు దిగి ఇంట్లో అడుగుపెట్టానో లేదో, మళ్ళీ ఫోను.

"అమ్మాయ్, ఒకటి తరిగి చూశాను. బాగా ఏడిపించింది. ఇవి అసలువే!"