నేపాల్ సరిహద్దు మనం వేసిన భిక్షా?

నేపాల్‌లో ఏ గొడవ జరిగినా వాట్సాప్‌లో ఒక సందేశం మళ్లీ తిరుగుతుంది. "1950 ఒప్పందంతో మనం తలుపులు బార్లా తెరిచాం. కోటిమంది నేపాలీలు ఇక్కడ బతుకుతున్నారు. అక్కడ మనవాళ్లకు దక్కింది సున్న. నచ్చకపోతే ఒప్పందం రద్దు చేసుకోమనండి." ఇదీ దాని సారం.

"మనం తెరిచాం" అనే మాటే తప్పు. 1950 నాటి భారత్-నేపాల్ శాంతి, మైత్రి ఒప్పందానికి ఎంతో ముందునుంచీ ఆ రాకపోకలున్నాయి. ఆ ఒప్పందంలోని ఏడో అధికరణం కూడా నివాసం, ఆస్తి, వ్యాపారం, సంచారాల్లో పరస్పర హక్కులనే చెబుతుంది. పైగా ఒప్పందంపై నేపాల్ తరఫున ప్రధాని సంతకం చేస్తే, మన తరఫున చేసింది రాయబారి. ఆ సంగతి కాఠ్మాండూకు ఇప్పటికీ మింగుడుపడదు.

"సున్న" అన్నదాంట్లో కొంత నిజముంది. భారతీయులు అక్కడ భూమి కొనలేరు. 1987లో పని అనుమతి నిబంధన కూడా పెట్టారు. కానీ బీహార్ నుంచి వెళ్లి అక్కడ క్షౌరశాలలు నడిపేవారు, కూరగాయలు అమ్మేవారు, ఇటుక బట్టీల్లో పనిచేసేవారు ఏ లెక్కలోకి వస్తారు?

ఇక కోటిమంది. మన విదేశాంగ శాఖ ఒకప్పుడు చెప్పిన సంఖ్య దాదాపు 80 లక్షలు. నేపాల్ 2011 జనగణన ప్రకారం అన్ని దేశాల్లో కలిపి ఉన్నవారే 19 లక్షల పైచిలుకు, అందులో భారత్‌లో ఉన్నవారు 40 శాతం లోపు. ఇంత తేడా ఎందుకంటే లెక్కపెట్టే నాథుడే లేడు. గల్ఫ్‌కు వెళ్లే నేపాలీకి శ్రమ అనుమతి, బీమా, సంక్షేమ నిధి ఉంటాయి. ప్రాణం పోతే కుటుంబానికి పరిహారం అందుతుంది. హైదరాబాద్‌లో రాత్రంతా ఈల వేస్తూ, కర్ర నేలకు కొడుతూ వీధి కాసి, నెల తిరగగానే గడపగడపకూ వచ్చి డబ్బు అడిగే గూర్ఖాకు అవేవీ వర్తించవు. భారత్‌లో చేసే పనిని నేపాల్ విదేశీ ఉద్యోగంగా పరిగణించదు మరి. మనమా, అతన్ని ఎవరి ఉద్యోగిగానూ గుర్తించం. స్వేచ్ఛగా రావచ్చు, చచ్చినా అడిగే దిక్కులేదు. దీనికి ఔదార్యమని పేరు!

సైన్యం సంగతీ చెప్పాలి. భారత్, నేపాల్, బ్రిటన్‌ల 1947 త్రైపాక్షిక ఒప్పందం కింద నేపాలీలు మన గూర్ఖా రెజిమెంట్లలో చేరి మన యుద్ధాల్లో పోరాడారు. 2022లో అగ్నిపథ్ వచ్చి షరతులు మారాక నేపాల్ ఆ నియామకాలు నిలిపేసింది.

రద్దు చేసుకోమనడం తేలిక. 1950 ఒప్పందం పదో అధికరణం ప్రకారం ఏడాది ముందు నోటీసు ఇస్తే చాలు. కానీ సముద్రం లేని ఆ దేశానికి సరుకంతా దాదాపు మన మీదుగానే పోవాలి. నేపాల్ చైనా ఆయుధాలు కొన్నాక, 1989లో వాణిజ్య, రవాణా ఒప్పందాల గడువు తీరడంతో రెండు మినహా దారులన్నీ మూశాం. 2015లో, భూకంపం వచ్చిన ఏడాదే, బీహార్ సరిహద్దులోని రక్సౌల్ దగ్గర ట్రక్కులు నెలల తరబడి ఆగిపోయాయి. అది నేపాల్ దక్షిణ మైదానాల్లో ఉండే మధేసీల ఆందోళన అని ఢిల్లీ, దిగ్బంధమని కాఠ్మాండూ అన్నాయి. గ్యాస్ లేక కట్టెల పొయ్యి వెలిగించినవారికి ఆ తేడాతో పనిలేదు.

దక్షిణాసియా దేశాల కూటమి సార్క్‌కు ఫిర్యాదు చేయవచ్చు కదా అంటారేమో. దాని సచివాలయం కాఠ్మాండూలోనే ఉంది, కానీ ద్వైపాక్షిక వివాదాలు చర్చించకూడదని దాని చార్టరే చెబుతుంది. 1950 ఒప్పందాన్ని సమీక్షించడానికి రెండు దేశాలూ కలిసి 2016లో వేసిన ప్రముఖుల బృందం 2018లో నివేదిక సిద్ధం చేసింది. ముందుగా భారత ప్రధానికి అందజేయాలనుకున్నారు. ఏళ్లు గడిచినా ఆయన సమయం ఇవ్వలేదు.