గుర్తు మారుతుంది సరే, ఎందుకు మారుతుంది?

3ఎక్స్ + 5 = 20. ఎనిమిదో తరగతి చదివే మా అక్క కొడుకు ఈ లెక్క చేస్తుంటే పక్కనే కూర్చున్నాను. "ప్లస్ ఐదు అటు వెళ్తే మైనస్ ఐదు" అని పైకే అనుకుంటూ 3ఎక్స్ = 15 అని రాశాడు. బాగానే ఉంది. ఆ తర్వాత "మూడు అటు వెళ్తే మైనస్ మూడు" అంటూ ఎక్స్ = 12 అని తేల్చేసి, కింద రెండు గీతలు కొట్టాడు. ఎక్స్ ఉన్నచోట 12 పెట్టి చూడరా అన్నాను. పన్నెండు మూళ్లు ముప్పై ఆరు, ఐదు కలిపితే 41. "ఇరవై రావాలి కదా మామయ్యా?" అని వాడే తెల్లబోయాడు.

వాడు రూల్ మర్చిపోలేదు. చాలా గట్టిగా గుర్తు పెట్టుకున్నాడు. ఎంత గట్టిగా అంటే, అది పనికిరాని చోట కూడా వాడేశాడు. సమానం గుర్తు దాటితే ఏదైనా వేషం మార్చాల్సిందేనని ఎవరో చెప్పారు, ఎందుకు మార్చాలో చెప్పలేదు. బీజగణితం అనగానే పిల్లలకు పట్టుకునే టెన్షన్‌లో పెద్ద వాటా ఈ చెప్పకుండా వదిలేసిన ‘ఎందుకు’దే అని నా నమ్మకం.

నిజానికి ఏదీ ఎటూ వెళ్లదు. రెండు వైపుల నుంచీ ఐదేసి తీసేశాం. ఎడమ పక్క ప్లస్ ఐదు పోయింది, కుడి పక్క 20 కాస్తా 15 అయింది. ఆ తర్వాత రెండు వైపులనూ మూడుతో భాగించాం, ఎక్స్ = 5 వచ్చింది. పక్షాంతరం, అంటే ‘అటు వెళ్తే గుర్తు మారుతుంది’ అన్న ఆ రూల్, ఈ పనిలో ఒక లైను మిగుల్చుకునే ఉపాయం మాత్రమే. ఆల్జీబ్రా అన్న పేరు పుట్టిందే ఇక్కడ. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో ఉన్న అల్ ఖ్వారిజ్మీ తన గ్రంథం పేరులో వాడిన ‘అల్ జబ్ర్’ అనే మాటకు విరిగినదాన్ని మళ్లీ సరిచేయడం అని అర్థం. ఒక వైపు తీసివేతగా ఉన్న రాశిని రెండు వైపులా కలిపి పూడ్చడమే ఆ సరిచేయడం. ఆయన పుస్తకంలో ఎక్స్‌లు, ప్లస్‌లు, సమానం గుర్తు ఏవీ లేవు. అంతా మాటల్లోనే. గుర్తులు లేకుండానే సమీకరణాలు సాధించారంటే, అసలు సరుకు గుర్తుల్లో లేదన్నమాటే కదా.

సమానం గుర్తు దగ్గరే ఇంకో చిక్కు ఉంది, అది ఆల్జీబ్రా కంటే చాలా ముందే మొదలవుతుంది. 8 + 4 = □ + 5. ఈ ఖాళీలో ఏం రావాలని చిన్న తరగతుల పిల్లలను పరిశోధకులు అడిగి చూశారు. ఎక్కువమంది రాసేది 12. కొందరైతే కనిపించినవన్నీ కూడేసి 17 అంటారు. రావాల్సింది 7. కూడిక రాకపోవడం వల్ల జరిగే తప్పు కాదిది. ఏళ్ల తరబడి ఎడమ పక్క లెక్క, కుడి పక్క జవాబు చూసీ చూసీ, సమానం అంటే ‘ఇక జవాబు రాయి’ అన్న ఆర్డర్‌గా వాళ్లకు అలవాటైపోతుంది. కాలిక్యులేటర్‌లో ఆ బటన్ చేసే పనీ అదే. 3 × 4 = 12 + 5 = 17 అని గొలుసులా రాసే పిల్లలు కూడా ఈ కోవకే వస్తారు. 3 × 4, 17తో సమానమని తాము రాసేసిన సంగతే వాళ్లకు తట్టదు.

ఈ గుర్తును 1557లో తొలిసారి అచ్చులోకి తెచ్చిన వేల్స్ గణితజ్ఞుడు రాబర్ట్ రికార్డ్ ఉద్దేశం ఇంకోటి. ప్రతిసారీ సమానం, సమానం అని మాటల్లో రాసే విసుగు తప్పించుకోవడానికి ఆయన ఒకే పొడవున్న రెండు సమాంతర గీతలు పెట్టాడు. వాటికన్నా సమానమైన వస్తువులు రెండు దొరకవన్నది ఆయన వాదన. జవాబు సంగతి అందులో ఎక్కడా లేదు.

ఇక అక్షరం. ఏ అంటే యాపిల్స్, బి అంటే బంతులు అని మొదలుపెట్టడం టీచర్లకు సులువే. కానీ ఏ అంటే యాపిల్ అయితే, ఏబి అంటే యాపిల్‌ను బంతితో గుణించడమా? అక్షరం వస్తువు పేరు కాదు, ఒక సంఖ్య. ఈ తేడా తెలియకపోతే పెద్ద చదువుల్లో కూడా కాలు జారుతుంది. ఒక యూనివర్సిటీలో ప్రొఫెసర్లకు ఆరు రెట్లు విద్యార్థులున్నారు, విద్యార్థుల సంఖ్య ఎస్, ప్రొఫెసర్ల సంఖ్య పి, సమీకరణం రాయండి. అమెరికాలో ఇంజినీరింగ్ మొదటి ఏడాది విద్యార్థులకు ఈ ప్రశ్న ఇస్తే మూడో వంతుకు పైగా తప్పు రాశారు. ఎక్కువగా కనిపించిన తప్పు 6ఎస్ = పి. ‘ఆరుగురు స్టూడెంట్లకు ఒక ప్రొఫెసర్’ అని చదువుకున్నారు. పి = 10 అనుకుంటే ఎస్ 60 కావాలి, అంటే ఎస్ = 6పి. భాస్కరాచార్యుడు తన బీజగణితంలో తెలియని రాశిని ‘యావత్‌తావత్’ అన్నాడు, అంటే ఎంతో అంత. అలాంటివి ఇంకా ఉంటే కాలకం, నీలకం అంటూ రంగుల పేర్లు పెట్టాడు. ‘ఎంతో అంత’ అన్నప్పుడు అది సంఖ్యేనని వేరే చెప్పక్కర్లేదు.

రేఖీయ సమీకరణాల దగ్గరికి వచ్చేసరికి వై = ఎంఎక్స్ + సి అని బోర్డు మీద రాసి, ఎం వాలు, సి అంతరఖండం అని బట్టీ పట్టిస్తారు. సూత్రం కంటే ముందు ఒక పట్టిక వేయిస్తే బాగుంటుంది. వంద లీటర్ల ట్యాంకు, నిమిషానికి నాలుగు లీటర్లు కారిపోతోంది. 100, 96, 92, 88... ప్రతి అడుగుకూ తగ్గేది అంతే. అందుకే గ్రాఫులో చుక్కలన్నీ ఒకే సరళరేఖ మీద పడతాయి. ఆ మైనస్ 4 వాలు, మొదట్లో ఉన్న వంద అంతరఖండం. 25వ నిమిషంలో గీత అక్షాన్ని తాకుతుంది, అంటే ట్యాంకు ఖాళీ. గీత మాత్రం ఆగదు. 30వ నిమిషంలో మైనస్ 20 లీటర్లు చూపిస్తుంది! ట్యాంకు ఖాళీ అయిందని సమీకరణానికి తెలియదు, గీత ఎక్కడ ఆపాలో మనమే చూసుకోవాలి. పిల్లలను నవ్విస్తూనే నేర్పగలిగిన విషయమిది, ఎందుకో పుస్తకాలు దీన్ని వదిలేస్తాయి.

సరళరేఖ అర్థమైతే సరిపోదు, ఏది సరళరేఖ కాదో కూడా తెలియాలి. ప్లేటో రాసిన ఒక సంభాషణలో సోక్రటీస్ ఒక బానిస కుర్రాణ్ని అడుగుతాడు: ఈ చతురస్రం వైశాల్యం రెట్టింపు కావాలంటే భుజం ఎంత ఉండాలి? భుజాన్నీ రెట్టింపు చేస్తే సరి అంటాడు కుర్రాడు. అలా చేస్తే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. (ఏ + బి) వర్గాన్ని ఏ వర్గం ప్లస్ బి వర్గం అని రాసే పిల్లలు చేసేదీ అలాంటి పొరపాటే. కలిపాక రెట్టింపు చేసినా, రెట్టింపు చేశాక కలిపినా ఒకటే, కాబట్టి వర్గం చేసినా అంతే అనుకుంటారు. 3, 4 కలిపి వర్గం చేస్తే 49. విడివిడిగా వర్గాలు చేసి కలిపితే 25. ఒక్కసారి చేతులారా లెక్కేసి చూసుకుంటే పోయే భ్రమ ఇది.

ఇలా చెబుతూ కూర్చుంటే సిలబస్ ఎప్పుడు అవుతుంది అని టీచర్లు అడిగితే కాదనలేను. పరీక్షలో పక్షాంతరం వాడొద్దని కూడా నేను అనడం లేదు. ‘రెండు వైపులా’ అంటూ ఓ పాతిక లెక్కలు చేశాక పిల్లలు ఆ షార్ట్‌కట్‌ను తామే కనిపెట్టేస్తారు. అప్పుడు అది వాళ్ల సొంతం.

మావాడికి తర్వాత ఎక్స్/4 − 3 = 2 ఇచ్చాను. రెండు వైపులా 3 కలిపాడు, రెండు వైపులా నాలుగుతో గుణించాడు, 20 వచ్చింది. నేను చెప్పకుండానే వెనక్కి వేసి సరిచూసుకున్నాడు. కాసేపటికి నోట్సు తెచ్చి చూపించాడు. రెండు వైపులనూ సున్నాతో గుణించాడట, 0 = 0 మిగిలింది. "రెండు పక్కలా ఒకే పని చేశాను కదా, మరి ఎక్స్ ఏమైపోయింది?" అన్నాడు. తప్పేం చేయలేదురా, రెండు వైపులూ ఇప్పటికీ సమానమే అన్నాను. కలిపినదాన్ని తీసేసి, నాలుగుతో గుణించినదాన్ని నాలుగుతో భాగించి మొదటి లైనుకు తిరిగి వెళ్లగలం. ఈ 0 = 0 నుంచి వెనక్కి ఎలా వెళ్తావో చూడు అని పెన్సిల్ వాడి చేతికే ఇచ్చాను.