సవరణ: లౌడన్ కౌంటీ ఆదాయం లెక్క

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఉన్న కౌంటీల (మన జిల్లాల్లాంటివి) గురించి నిన్న రాసిన పోస్టులో, లౌడన్‌లో మనిషికి సగటున 1,70,000 డాలర్లకు పైగా ఆదాయం ఉందన్నాను. అది తప్పు, క్షమించండి. అమెరికా జనగణన శాఖ 2018–2022 సర్వేలోని ఆ అంకె ఇంటి మొత్తానికి సంబంధించిన మధ్యగత ఆదాయం. అంటే సగం ఇళ్లకు అంతకన్నా ఎక్కువ, సగం ఇళ్లకు తక్కువ. ఆ కౌంటీలో మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఆష్‌బర్న్‌లో భార్యాభర్తలిద్దరి జీతాలూ కలిపితేనే చాలా ఇళ్లు అక్కడికి చేరతాయి. బొగ్గు గనుల పని తగ్గిపోయిన బుకానన్ కౌంటీలో అదే లెక్క లౌడన్‌లో మూడో వంతు కూడా లేదు.

ఇంకో పొరపాటు. 95 కౌంటీలతోనే రాష్ట్రమంతా వచ్చేసిందని రాశాను. ఏ కౌంటీలోనూ చేరని 38 స్వతంత్ర నగరాలు కూడా వర్జీనియాలో ఉన్నాయి. పేదరికం ఎక్కువగా ఉన్న పీటర్స్‌బర్గ్ అలాంటిదే. అసలు చెప్పాల్సిన ఊరినే వదిలేశానని బాధగా ఉంది.